కొంగు నిండా ఏరిన కాయలు

స్టుట్‌గార్ట్, నవంబరు 12

బుజ్జులూ,

మామయ్య వాళ్ళ ఊళ్ళో చెట్లు నిజంగా ఎర్రబడతాయా అని మొన్న అడిగారు. నేను చెప్పబోయేలోపే మీ అమ్మ ఫోన్ లాగేసుకుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా నిర్వాకం చెప్తాను. ఇక్కడ చలి మొదలవగానే బజార్లో చెస్ట్‌నట్లు కాల్చి పొట్లాల్లో అమ్ముతారు. తింటే అచ్చం చిలగడదుంపే. ఓ రోజు పార్కులో చెట్టు కింద అలాంటివే రాలి ఉన్నాయి, నూనె రాసినట్టు మెరుస్తూ. ఊరికే దొరికాయి కదా అని కొంగు నిండా ఏరాను. ఎదురింటి ముసలావిడ చూసి, చేతులు అడ్డంగా ఊపి, కడుపు పట్టుకుని వంగి చూపించింది. ఆవిడకి తెలుగు రాదు, నాకు జర్మన్ రాదు, కానీ సంగతి అర్థమైపోయింది. అవి హార్స్ చెస్ట్‌నట్లు. తింటే వాంతులే.

తినేదాని తొక్క ముళ్ళపందిలా ఉంటుంది, కాయ కొసన చిన్న పిలక ఉంటుంది. తినకూడనిదానికి ముళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి, పిలక ఉండదు. ఆకు చూస్తే ఇంకా తేలిక: మన బూరుగాకులా వేళ్ళు విచ్చుకుని ఉంటే ముట్టుకోకండి. నేనేరినవాటికి మామయ్య కూతురు పుల్లలు గుచ్చి గుర్రాలు చేసి కిటికీలో నిలబెట్టింది.

ఇక రంగుల సంగతి. ఆకులో పసుపు ఎండాకాలంలోనూ ఉంటుంది, ఆకుపచ్చ దాన్ని కప్పేస్తుంది. పగలు కురచై చలి ముదిరేసరికి చెట్టు ఆకుపచ్చను తయారు చేయడం మానేస్తుంది, పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం చాలా చెట్లలో అప్పుడే కొత్తగా పుడుతుంది.

సెప్టెంబరు ఆఖర్లో కాన్‌స్టాట్ తిరనాళ్ళకి వెళ్ళాం. రంగులరాట్నాలు, బీరు డేరాలు, చెవులు హోరెత్తే పాటలు. నాకు నచ్చింది మాత్రం మధ్యలో ఉన్న 26 మీటర్ల స్తంభం. నిండా పళ్ళు, కూరగాయలు, ధాన్యపు కంకులు. దాని కథ మామయ్య చెప్పాడు. 1815లో ఎక్కడో ఇండోనేషియాలో టాంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద, పొగ ఆకాశమంతా కమ్మి, మరుసటేడు ఇక్కడ ఎండాకాలమే రాలేదట. పంటలు పోయి జనం ఆకలితో అల్లాడారు. తర్వాత మంచి పంటలు చేతికొచ్చాక, 1818లో రాజు విల్‌హెల్మ్, రాణి కాథరీనా రైతుల కోసం ఈ పండగ పెట్టారు. మంచి పశువులు పెంచినవాళ్ళకి బహుమతులిచ్చారు. ఇప్పుడొచ్చేవాళ్ళలో ఎక్కువమంది బీరు కోసమే వస్తారనుకోండి.

అన్నట్టు, అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పేశారు. ఇప్పుడు మీకూ మాకూ తేడా నాలుగున్నర గంటలు. మీరు పొద్దున్నే ఎనిమిదింటికి ఫోన్ చేస్తే నాకు అర్ధరాత్రి దాటి మూడున్నర!

నిన్న సెయింట్ మార్టిన్ పండగ. పిల్లలంతా కాగితం లాంతర్లు పట్టుకుని చీకట్లో పాడుకుంటూ నడిచారు. ముందు గుర్రం మీద ఎర్ర దుప్పటి కప్పుకున్న రౌతు. మార్టిన్ రోమన్ సిపాయిట, చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన దుప్పటి కత్తితో కోసి సగం ఇచ్చాడట. "మొత్తం ఇచ్చేయొచ్చుగా బామ్మా?" అంది మన పిల్ల. ఇంకో పది నిమిషాలకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని లాంతరు నా చేతికిచ్చి, రెండు చేతులూ నా శాలువాలో దూర్చేసింది.

ఈసారి దీపావళికి మీరు దివిటీలు కొట్టారా? గోగు కాడలు దొరికాయా? రాయండి.

మీ అమ్మమ్మ