పిల్లలకు ఉత్తరం: ప్రైమరీ చూసి నవంబరు చెప్పొచ్చా?

పిల్లలూ,

వర్జీనియాలో ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక పాప స్కూల్ ప్రాజెక్టు కోసం పాత లెక్కలు తిరగేస్తూ ఇలా అడిగింది: “తాతయ్యా, 2016 మార్చిలో మా రాష్ట్రంలో రిపబ్లికన్ల ప్రైమరీకి పది లక్షల మందికి పైగా వచ్చారు. డెమోక్రాట్ల ప్రైమరీకి ఎనిమిది లక్షల మంది కూడా రాలేదు. మరి నవంబరులో మా రాష్ట్రం డెమోక్రాట్ల తరఫున నిలబడ్డ హిల్లరీ క్లింటన్‌కి ఎలా వచ్చింది?”

టీవీ చర్చల్లో కూర్చునే పెద్దవాళ్లు ఈ ప్రశ్న అడగరు. అడక్కుండానే, ప్రైమరీని బట్టి నవంబరు ఇలా ఉంటుందని జవాబు చెప్పేస్తుంటారు.

ఇక్కడి పిల్లలకి ముందుగా ఒక మాట. మన దగ్గర ఎవరు పోటీ చేయాలో పార్టీ పెద్దలు తేలుస్తారు, బీ ఫారం చేతికిస్తారు, అంతటితో సరి. అమెరికాలో ఆ పని ఓటర్లది. అధ్యక్ష ఎన్నిక నవంబరులో. దానికి ముందు, జనవరి, ఫిబ్రవరి మొదలుకొని జూన్ దాకా, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రోజున, ప్రతి పార్టీ తన ఓటర్లనే “మన తరఫున ఎవరిని నిలబెడదాం?” అని అడుగుతుంది. అదే ప్రైమరీ. కొన్ని రాష్ట్రాల్లో బ్యాలెట్ బదులు ఒకచోట సమావేశమై, గంటలకొద్దీ మాట్లాడుకుని తేల్చుకునే పద్ధతి కూడా ఉంది. దాన్ని కాకస్ అంటారు.

ఇప్పుడు ఒక ఊరు ఊహించుకోండి. సగం ఊరు మామిడి వాళ్లు, సగం ఊరు పనస వాళ్లు. ఏది పెట్టినా తినేవాళ్లు మధ్యలో కొద్దిమంది. వేసవిలో ఊరంతా కలిసి ఒకే పండు ఎంచుకోవాలి. దానికంటే ముందు మామిడి వాళ్లు తమలో తాము కూర్చుని చిన్నరసమా, బంగినపల్లా అని తేల్చుకుంటారు. బంగినపల్లి గెలిచిందనుకోండి. రసాల వాళ్లు అలుగుతారు, రెండు రోజులు మాట్లాడరు. అయితే మాత్రం రేపు ఊరి పందెంలో పనసకి చెయ్యెత్తుతారా? నూటికి తొంభై మంది ఎత్తరు. గొణుక్కుంటూనే మామిడి వైపు వస్తారు. ప్రైమరీ చెప్పేది ఏ మామిడి అన్నదే. నవంబరు అడిగేది మామిడా, పనసా అని. రెండూ వేరు వేరు ప్రశ్నలు.

2008 తీసుకోండి. ఆ ఏడు డెమోక్రాట్ల టికెట్ కోసం హిల్లరీ క్లింటన్, బరాక్ ఒబామా పోటీపడ్డారు, చివరికి అది ఒబామాకి దక్కింది. ఫిబ్రవరి 5న మసాచుసెట్స్ డెమోక్రాట్ల ప్రైమరీలో క్లింటన్‌కి నూటికి 56, ఒబామాకి 41. “ఒబామా ఈ రాష్ట్రాన్ని నిలబెట్టుకోలేరేమో” అన్నవాళ్లు లేకపోలేదు. నవంబరులో అదే మసాచుసెట్స్‌లో ఆయనకి నూటికి 62 వచ్చాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో ప్రైమరీల్లోనూ ఆయన ఓడారు. నవంబరులో అన్నిటినీ గెలిచారు. రసాల వాళ్లు తిరిగొచ్చారన్నమాట.

తిరగేసి చూడండి. అదే ఫిబ్రవరి 5న ఐడహోలో డెమోక్రాట్ల కాకస్ జరిగింది. ఒబామాకి దాదాపు నూటికి 80. చూడ్డానికి ఎంత గొప్పగా ఉందో! ఆ కాకస్‌కి వచ్చినవాళ్లు రాష్ట్రం మొత్తం మీద సుమారు 21 వేల మంది. నవంబరులో అక్కడ ఓటేసినవాళ్లు ఆరు లక్షల పైమాటే, అందులో ఒబామాకి దక్కింది నూటికి 36. ఐడహో పనస ఊరు, అంటే అక్కడ రిపబ్లికన్లదే పైచేయి. అక్కడున్న గుప్పెడు మామిడి వాళ్లు ఏ రకం మెచ్చుకుంటే ఊరికేం?

రిపబ్లికన్ల ఇంట్లోనూ ఇదే కథ. 2016లో ట్రంప్ అయోవా, టెక్సస్‌లలో టెడ్ క్రూజ్ చేతిలో ఓడారు. ఒహాయోలో జాన్ కేసిక్ చేతిలో ఓడారు. విస్కాన్సిన్‌లో క్రూజ్‌కి 48 శాతం వస్తే ఈయనకి 35. నవంబరులో ఈ నాలుగూ ట్రంప్‌వే. మరోవైపు, ప్రైమరీల్లో ఆయన్ని ఘనంగా గెలిపించిన రాష్ట్రాల్లో మసాచుసెట్స్, న్యూయార్క్ ఉన్నాయి. న్యూయార్క్‌లో రిపబ్లికన్ ప్రైమరీ ఓట్లు నూటికి 59 ఆయనవే. నవంబరులో ఆ రాష్ట్రం మొత్తం మీద వచ్చినవి 37 లోపు.

ఇక్కడ తెలివైనవాళ్లు ఒకటి పట్టుకొస్తారు: “క్లింటన్ 2016లో మిషిగన్, విస్కాన్సిన్ ప్రైమరీలు బెర్నీ సాండర్స్‌కి పోగొట్టుకున్నారు. నవంబరులోనూ ఆ రెండే పోయాయి. ప్రైమరీ ముందే చెప్పిందిగా!” వినడానికి బావుంటుంది. మిగతా పేజీ కూడా చదవమనండి. ఆమె పెన్సిల్వేనియా, ఒహాయో, ఫ్లోరిడా ప్రైమరీలు గెలిచి నవంబరులో వాటినీ పోగొట్టుకున్నారు. మిన్నెసోటా, కొలరాడో, మెయిన్, న్యూ హాంప్‌షైర్, ఆరెగన్, వర్మాంట్‌లలో సాండర్స్ చేతిలో ఓడి, నవంబరులో వాటన్నిటినీ గెలిచారు. నచ్చిన రెండు రాష్ట్రాలు ఏరుకుంటే ఏ సూత్రమైనా నిజమనిపిస్తుంది పిల్లలూ. ఎన్నికల విషయంలోనే కాదు.

ఇక వర్జీనియా పాప అడిగిన అసలు సంగతి: ఎవరు గెలిచారన్నది వదిలేసి, ఏ ఇంటికి ఎంతమంది వచ్చారన్నది చూస్తే? ఇది మొదటిదానికంటే నమ్మబలికే లెక్క, అందుకే ఎక్కువమందిని ముంచింది. మామిడి ఇంట్లో రసానికీ బంగినపల్లికీ హోరాహోరీగా ఉంటే ఇంటిల్లిపాదీ కదిలి వస్తారు. పనస ఇంట్లో ఒకటే కాయ ఉంటే ఎవరొస్తారు? రాకపోయినంత మాత్రాన పనస మానేసినట్టు కాదు.

2008 మార్చి 4న టెక్సస్‌లో డెమోక్రాట్ల ప్రైమరీకి సుమారు 28.7 లక్షల మంది వచ్చారు. రిపబ్లికన్లకి 13.6 లక్షలు. రెట్టింపు కంటే ఎక్కువ! కారణం తేలిక. అక్కడ ఒబామా, క్లింటన్ నువ్వా నేనా అన్నట్టున్నారు. ఇటు రిపబ్లికన్లలో జాన్ మెకెయిన్ పోటీ దాదాపు ముగిసిపోయి, ఆ రాత్రికే టికెట్ ఖాయమైంది. నవంబరులో మెకెయిన్ టెక్సస్‌ని సుమారు 12 శాతం తేడాతో గెలిచారు. 2016 వర్జీనియాలో పోటీ రద్దీ రిపబ్లికన్ల వైపు ఉంది: ట్రంప్, రూబియో, క్రూజ్, ఇంకా కొందరు. పైగా వర్జీనియాలో ఓటరు నమోదులో పార్టీ పేరే ఉండదు. ఎవరైనా ఏ ప్రైమరీలోనైనా, ఒక్కదాంట్లో, ఓటేయొచ్చు. కాబట్టి ఏ ఇంట్లో సందడి ఉంటే అటు వెళ్తారు, పక్కింటివాళ్లతో సహా.

ఇంకో చోట తలుపు మూసి ఉంటుంది. న్యూయార్క్, ఫ్లోరిడా, పెన్సిల్వేనియాల్లో ఆ పార్టీ పేరుతో నమోదైనవాళ్లకే ఆ పార్టీ బ్యాలెట్. ఏది పెట్టినా తినే మధ్యవాళ్లు బయటే. నవంబరుని తేల్చేది చాలాసార్లు వాళ్లే!

కెంటకీది మరో చిత్రం. 2016లో అక్కడ డెమోక్రాట్ల ప్రైమరీలో దాదాపు 4.5 లక్షల ఓట్లు, రిపబ్లికన్లవి 2.3 లక్షలు. నవంబరులో ట్రంప్ 30 శాతం తేడాతో గెలిచారు. తాతల కాలంనాటి డెమోక్రాట్ నమోదు చాలామందికి అలాగే ఉండిపోయింది, మనసు ఎప్పుడో మారింది. పైగా ఆ ఏడు అక్కడి రిపబ్లికన్లు ప్రైమరీ బదులు మార్చిలో కాకస్ పెట్టారు. కాకస్‌కి జనం ఎప్పుడూ తక్కువే.

ఎంత తక్కువంటే వాషింగ్టన్ రాష్ట్రం చూడండి. 2016 మార్చిలో అక్కడి డెమోక్రాట్ల కాకస్‌కి సుమారు 2.3 లక్షల మంది వచ్చి సాండర్స్‌ని నూటికి 73తో గెలిపించారు. మే నెలలో అదే పార్టీకి, అదే ఇద్దరి మధ్య ప్రైమరీ కూడా జరిగింది. పార్టీ దాన్ని లెక్కలోకి తీసుకోదని తెలిసినా 8 లక్షల మంది ఓటేశారు. గెలిచింది క్లింటన్! రెండు నెలల తేడాలో ఆ ఇంటి మనసే ఇంత వేరుగా కనబడితే, ఊరి మనసు దాన్నిబట్టి ఎలా చెబుతాం? ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ప్రైమరీలు బొత్తిగా ఏమీ చెప్పవని మాత్రం అనను. గద్దె మీదున్న అధ్యక్షుడికి సొంత ఇంట్లోనే గట్టి పోటీ వస్తే అది లెక్కచేయాల్సిన గుర్తు. 1976లో ఫోర్డ్‌కి రీగన్, 1980లో కార్టర్‌కి ఎడ్వర్డ్ కెనెడీ, 1992లో తండ్రి బుష్‌కి బుకానన్ ఎదురు నిలిచారు. ముగ్గురూ టికెట్ దక్కించుకున్నారు, ముగ్గురూ నవంబరులో ఓడారు. 2012లో వెస్ట్ వర్జీనియా డెమోక్రాట్ల ప్రైమరీలోనైతే, టెక్సస్ జైల్లో ఉన్న ఒక ఖైదీకి ఒబామా మీద నూటికి 41 ఓట్లు పడ్డాయి. నవంబరులో ఆ రాష్ట్రంలోని 55 కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) ఒబామా ఒక్కటీ గెలవలేదు. అలాంటిచోట ప్రైమరీ మాట వినాల్సిందే. కానీ మొదటి గుర్తు దేశం మొత్తానికి సంబంధించింది, యాభై రాష్ట్రాలకీ విడివిడిగా జవాబు ఇవ్వదు. న్యూయార్క్ రాష్ట్రంలో స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు హెల్ముట్ నార్పోత్ తొలి ప్రైమరీల ఆధారంగా ఒక లెక్క కట్టారు. అది 2016లో ట్రంప్ గెలుస్తారంది, గెలిచారు. 2020లో ట్రంప్ గెలవడానికి నూటికి 91 పాళ్లు అవకాశముందనీ, 362 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలు గెలిస్తే దక్కేవి, అధ్యక్షుణ్ణి తేల్చేవి) వస్తాయనీ అంది. వచ్చినవి 232, ఓడారు.

న్యూ హాంప్‌షైర్ ముచ్చట ఒకటి చెప్పాలి. 1952 నుంచి 1988 దాకా అధ్యక్షులుగా ఎన్నికైన ప్రతివాళ్లూ తమ పార్టీ తరఫున అక్కడి ప్రైమరీ గెలిచినవాళ్లే. అది శాసనమనే అనుకున్నారు. 1992లో బిల్ క్లింటన్ అక్కడ రెండో స్థానం, 2000లో కొడుకు బుష్ ఓటమి, 2008లో ఒబామా ఓటమి. 2020లో బైడెన్ ఏకంగా ఐదో స్థానం. నలుగురూ శ్వేతసౌధానికి వెళ్లారు. ఆ రాష్ట్రంలోనే డిక్స్‌విల్ నాచ్ అనే బుల్లి ఊరు అర్ధరాత్రి కాగానే ఓటేసి లెక్క చెప్పేస్తుంది. 2024 జనవరిలో ఆరుగురు ఓటర్లు, ఆరుగురూ రిపబ్లికన్ల టికెట్ కోసం ట్రంప్‌తో పోటీపడ్డ నిక్కీ హేలీకే. నవంబరులో ఆరు ఓట్లు: డెమోక్రాట్ కమలా హారిస్‌కి మూడు, ట్రంప్‌కి మూడు.

మరి రాష్ట్రం సంగతి ముందే అంచనా వేయాలంటే? క్రితంసారి నవంబరు మ్యాప్ పక్కన పెట్టుకుని, దాన్నే మళ్లీ గీయండి. 2012 నుంచి 2016కి పార్టీ మారిన రాష్ట్రాలు ఆరు. 2020లో ఐదు. 2024లో మళ్లీ ఆరు. అంటే ఏమీ ఆలోచించకుండా పాత మ్యాప్ నకలు తీసినా యాభైలో కనీసం 44 సరిపోతాయి. ప్రైమరీ సూత్రం ఏదైనా దీన్ని దాటాలి, దాటకపోతే అక్కర్లేదు.

నా మాట నమ్మొద్దు, మీరే చూడండి. యాభై గడుల కాగితం తీసుకోండి. ఒక ఏడాది, ఒక పార్టీ ఎంచుకోండి. నవంబరులో ఆ పార్టీ తరఫున నిలబడ్డ మనిషి ఒక్కో రాష్ట్రంలో ప్రైమరీ గెలిచారా లేదా అన్నది మొదటి వరసలో, నవంబరు గెలిచారా అన్నది రెండో వరసలో, క్రితం నవంబరులో ఆ పార్టీ గెలిచిందా అన్నది మూడో వరసలో రాయండి. రెండోదానితో మొదటిది ఎన్నిసార్లు కలిసింది, మూడోది ఎన్నిసార్లు కలిసింది, లెక్కపెట్టండి. కాకస్ రాష్ట్రాల పక్కన చుక్క పెట్టండి. ఇంట్లో పోటీ ముగిసిపోయాక ప్రైమరీ జరిగిన రాష్ట్రాలు కొట్టేయండి, అక్కడ గెలుపుకి అర్థం లేదు. 2008 డెమోక్రాట్లతో మొదలుపెడితే మేలు, జూన్ దాకా పోటీ సాగింది కాబట్టి కొట్టేయాల్సినవేమీ ఉండవు. మిషిగన్ దగ్గర మాత్రం ఆగండి. ఆ ఏడు ప్రైమరీ తేదీ గొడవలో ఒబామా పేరే అక్కడి బ్యాలెట్ మీద లేదు.

మీ తాతయ్య