కొల్లేటి లంకల చరిత్ర: అపోహలు - వాస్తవాలు

కొల్లేటి లంక గ్రామాల పాత సంగతులు సేకరించి రాయడం నా పని. ఏ ఊరు వెళ్లినా ముందు వినపడే మాట ఒకటే: "మాకు చరిత్రేముందండీ, చేపల చెరువుల కోసం వచ్చి పడ్డవాళ్లమేగా!" బయటివాళ్లు అంటే సర్దిచెప్పొచ్చు. లంకలో పుట్టిన కుర్రాళ్లే అంటుంటే ఒళ్లు మండుతుంది.

అపోహ: కొల్లేటి జనం ఆక్రమణదారులు.

వాస్తవం: చెరువుల చరిత్ర వేరు, జనం చరిత్ర వేరు. 634 నాటి ఐహోలు శాసనంలో రెండో పులకేశి యుద్ధంలో నెత్తురుతో ఎర్రబడ్డ 'కునాల' నీళ్ల ప్రస్తావన ఉంది. అది కొల్లేరేనని చరిత్రకారులు అంటారు. సరే, రాజుల గొడవ వదిలేయండి. ఇక్కడి మత్స్యకారులైన వడ్డీల ఇళ్లలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. తాటి దోనెలు, చేపలు పట్టే మావులు, నీళ్లున్నన్నాళ్లూ కొర్రమీను, మార్పు, ఇంగిలాయి చేపలు. ఎండలు ముదిరి నీరు వెనక్కి తగ్గితే బయటపడ్డ నేలలో వరి. ఆ బతుకులో చేపల చెరువన్న మాటే లేదు.

చెరువులు 1976 తర్వాతి సంగతి. ప్రభుత్వమే మత్స్యకారులతో సొసైటీలు పెట్టించి తవ్వించింది. ఆ తర్వాత డబ్బున్నవాళ్లు బయటి నుంచి లీజులకు దిగారు, గట్లు ఊళ్ల మీదికి వచ్చాయి. 1999లో +5 కాంటూరు దాకా, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమయ్యాయి. 2006లో గట్లు పేల్చారు, సొసైటీ చెరువులూ అందులోనే పోయాయి. టీవీలో చూసినవాళ్లకు మాత్రం గట్టు వేసినవాడూ, గట్టు కింద కూలి చేసినవాడూ ఒకటే అయిపోయారు.

దీనివల్ల అసలు నష్టం ఎక్కడంటే, "ఎటూ మనది కాదుగా" అని పాత కాగితాలు పారేస్తున్నారు. ఒకాయన నా దగ్గరికొచ్చి, "రికార్డుల్లో మా ఊరి పేరే లేదండి, ఇక మేం ఆక్రమణదారులమే" అని దిగులుగా కూర్చున్నారు. ఆయన వెతికించింది పశ్చిమగోదావరి కాగితాల్లో. ఆ జిల్లా పుట్టిందే 1925లో. అంతకుముందు, 1904 నుంచి, ఏలూరు ప్రాంతమంతా కృష్ణా జిల్లానే. ఆ వైపు వెతికిస్తే ఊరు శుభ్రంగా ఉంది. ఇప్పుడు 2022 నుంచి ఏలూరు జిల్లా వచ్చింది కాబట్టి కైకలూరు వైపు వాళ్లకూ ఇదే చిక్కు. 2022కు ముందున్న కాగితం కావాలంటే కృష్ణా జిల్లా పేరు మీద అడగాలి.

కాబట్టి శిస్తు రసీదు, అడంగల్ నకలు, సొసైటీ సభ్యత్వ పుస్తకం, తాతగారి స్కూలు సర్టిఫికెట్, ఏదైనా సరే, ట్రంకు పెట్టెలోంచి తీసి ఫొటో తీయించండి. వరదొస్తే ముందు తడిసేది అదే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో ఎవరి హక్కులేమిటో కలెక్టర్ విచారించి తేల్చాలి. ఆ విచారణలో మాట్లాడేది కాగితమే, మన ఆవేశం కాదు.

అపోహ: అభయారణ్యం అంటే ఊళ్లు ఖాళీ చేయడమే.

వాస్తవం: ప్రకటించినంత మాత్రాన ఊరు లేచిపోదు. 1999 నుంచి ఇన్నేళ్లూ లంకలు ఉన్నచోటే ఉన్నాయి. ఎవడో వాట్సాప్‌లో పెట్టాడని ముసలివాళ్లు అన్నం మానేసి టెన్షన్ పడుతున్నారు. పంపేవాడికి కాస్తయినా ఇంగితం ఉండాలి.

అపోహ: కొల్లేటి నీళ్లను సముద్రంలో కలిపే ఉప్పుటేరును గజపతుల కోట మీదికి వచ్చిన శత్రువులు తవ్వించారు.

వాస్తవం: అది కథ. బావుంటుంది, పెద్దింట్లమ్మ జాతరలో కూర్చుని వినండి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో నిలిచిన నీరు కొల్లేరు. ఒకప్పుడు సముద్రం కైకలూరు దాకా ఉండేదని అక్కడి పాత ఇసుక దిబ్బలే చెబుతాయి.

అపోహ: కాంటూరు +3కి తగ్గించేస్తున్నారు, ఇప్పుడే కొంటే చౌక.

వాస్తవం: 2008లో తగ్గించమని అసెంబ్లీ తీర్మానం చేసింది. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ నిపుణుల కమిటీ తగ్గించొద్దంది. జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు లేకుండా హద్దు మారదు. పైగా ప్రకటన వచ్చాక ఆ హద్దుల్లో భూమి మీద వారసత్వంగా తప్ప కొత్త హక్కు రాదని చట్టమే చెబుతోంది. అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ ఒక్క సెక్షన్, 20వది, ఎవరైనా ప్లీడరుతో చదివించుకోండి.