వాన దారిలో సెంటీమీటరు తరంగాలు

ఎండాకాలం సాయంత్రం. దక్షిణాన మబ్బు కమ్మింది. డాబా మీద ఇంకా ఒక్క చినుకైనా పడలేదు. అయినా టీవీలో బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోయి, కాసేపటికి సిగ్నల్ లేదన్న సందేశం వచ్చేస్తుంది. డిష్ కదిలిందేమోనని ఎవరో ఒకరు పైకెక్కి చూసొస్తారు. డిష్ ఎక్కడిదక్కడే ఉంటుంది. వాన మాత్రం దాని దారిలోకి వచ్చింది.

ఆ డిష్ చూసే ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నాం కాబట్టి సిగ్నల్ మనకు దక్షిణం నుంచి ఏటవాలుగా దిగుతుంది. అంత దూరం వచ్చినా దానికి అసలు కష్టం ఆఖరి 5 కిలోమీటర్లలోనే. మన ప్రాంతంలో సుమారు ఆ ఎత్తుకు పైన ఉండేది చాలావరకు మంచు, కింద నీటి చినుకులు. మంచు ఈ తరంగాలను పెద్దగా పీల్చుకోదు, నీరు బాగా పీల్చుకుంటుంది. లెక్క వేస్తే, హైదరాబాద్‌లో మన ఇంటికి దక్షిణంగా రెండు కిలోమీటర్ల లోపు కురిసే వాన మన సిగ్నల్‌కు అడ్డం వస్తుంది. ఒక్కోసారి ఇంటి మీద వాన కురుస్తూనే ఉన్నా బొమ్మ తిరిగి వచ్చేది కూడా ఇందుకే. మబ్బు ఆ దారిని దాటిపోయి ఉంటుంది.

ఈ తరంగాలు సూపర్ హై ఫ్రీక్వెన్సీ అనే తరగతికి చెందుతాయి. 3 నుంచి 30 గిగాహెర్ట్జ్ (ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల కంపనాలు) వరకు, అంటే తరంగం పొడవు 10 సెంటీమీటర్ల నుంచి 1 సెంటీమీటరు వరకు ఉన్న రేడియో తరంగాలన్నీ ఇందులోవే. జగదీశ్ చంద్ర బోస్ 1890లలోనే కలకత్తాలో రెండున్నర సెంటీమీటర్ల నుంచి అర సెంటీమీటరు దాకా పొడవున్న తరంగాలతో ప్రయోగాలు చేశారు. ఇప్పుడు 5 గిగాహెర్ట్జ్ వైఫై, 5జీ ఫోన్లు వాడే 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (తరంగాల పట్టీ) ఈ తరగతిలోనివే. వాటి ప్రయాణం కొన్ని మీటర్లో, ఒకటి రెండు కిలోమీటర్లో కాబట్టి వానతో వాటికి పెద్ద పేచీ లేదు. పేచీ అంతా ఆకాశం నుంచి దిగేవాటికే. నా దృష్టిలో ఈ తరగతిలో ఏ తరంగం ఏ పనికి పనికొస్తుందో తేల్చేది చాలావరకు వానచినుకే.

ఇంటి డిష్‌కు నేరుగా దిగే డీటీహెచ్ ప్రసారాలు వాడేది కేయూ బ్యాండ్, సుమారు 11, 12 గిగాహెర్ట్జ్. తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. పెద్ద వానచినుకు అర సెంటీమీటరు ఉంటుంది. తరంగంలో అయిదో వంతు ఉన్న చినుకు దాన్ని గట్టిగానే దెబ్బతీస్తుంది. కొంత శక్తిని పక్కలకు చెదరగొడుతుంది, కొంత తానే పీల్చుకుని వేడెక్కుతుంది. నష్టం అక్కడితో ఆగదు. వెచ్చగా ఉండే వాన తానే రేడియో తరంగాలను వెదజల్లుతుంది. మామూలప్పుడు డిష్‌కు చల్లటి ఆకాశం కనిపించేచోట ఇప్పుడు వాన రొద వినిపిస్తుంది. ఒకపక్క సిగ్నల్ తగ్గి, మరోపక్క రొద పెరిగేసరికి సెట్‌టాప్ బాక్స్ చేతులెత్తేస్తుంది.

నీటితో ఈ తగువు రెండో ప్రపంచ యుద్ధం నాటిది. అప్పట్లో సన్నటి వివరాలు చూపాలని 24 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రాడార్లు తయారుచేశారు. తీరా చూస్తే గాలిలోని నీటి ఆవిరి 22 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో తరంగాలను మింగేస్తుందని తేలింది. దాంతో కే బ్యాండ్ అనే ఆ పట్టీలో మధ్యభాగాన్ని వదిలేసి కిందది కేయూ బ్యాండ్, పైది కేఏ బ్యాండ్ అని విడదీశారు. ఆ మింగే గుణమే ఇప్పుడు వాతావరణ ఉపగ్రహాలకు అక్కరకొస్తోంది. గాలిలో ఆవిరి ఎంత ఉందో కొలవడానికి అవి అదే ప్రాంతంలో వెతుకుతాయి.

వాన బాధ తప్పించుకోవాలంటే తరంగం పొడవు పెంచాలి. కేబుల్ ఆపరేటర్ల డాబాల మీద కనిపించే పెద్ద పెద్ద డిష్‌లు సీ బ్యాండ్‌వి. సుమారు 4 గిగాహెర్ట్జ్, ఏడున్నర సెంటీమీటర్లు. కుంభవృష్టిలో కూడా సీ బ్యాండ్ చాలావరకు నిలబడుతుంది. అయితే తరంగం పొడవు పెరిగేకొద్దీ డిష్ కూడా పెరగాలి. 1975-76లో ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లో సుమారు 2400 ఊళ్లకు టీవీ పాఠాలు అందించారు. ఊళ్లకు దిగిన సిగ్నల్ 860 మెగాహెర్ట్జ్‌ది, అంటే మనం చెప్పుకుంటున్న తరగతికి చాలా కింద. దాన్ని పట్టడానికి ఊరూరా పది అడుగుల డిష్ పెట్టాల్సి వచ్చింది. కానీ తరంగం 35 సెంటీమీటర్లుండటంతో రేకు అక్కర్లేకుండా కోళ్లగూళ్లకు వాడే వలతోనే పని జరిగింది. వల కన్నాలు తరంగం కంటే చాలా చిన్నవి కాబట్టి అది వాటిలోంచి జారిపోలేదు.

ఇక రాడార్ సంగతి. యుద్ధకాలపు రాడార్ ఆపరేటర్లకు తెర మీద కనిపించే వాన పెద్ద చికాకు, దాని మాటున విమానాలు దాక్కునేవి. తర్వాత ఆ చికాకే వాతావరణ రాడార్‌గా మారింది. తరంగం కంటే చినుకు బాగా చిన్నదైతే, అది వెనక్కి పంపే శక్తి చినుకు వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. 2 మిల్లీమీటర్ల చినుకు ఒకటి, 1 మిల్లీమీటరు చినుకులు 64 కలిసి పంపినంత పంపుతుంది. అందుకే తుంపర రాడార్‌కు మసకగా, ఉరుముల వాన ప్రకాశవంతంగా కనిపిస్తాయి. మచిలీపట్నం, విశాఖపట్నాల్లోని డాప్లర్ రాడార్లు ఎస్ బ్యాండ్‌వి, తరంగం దాదాపు 10 సెంటీమీటర్లు. తుపానులో ముందువరుస వాన దగ్గరే తరంగం నీరసపడితే వెనక ఏముందో తెలియదు. అంత పొడవైన తరంగమైతే ఆ వానను చూపిస్తూనే దాన్ని దాటి తుపాను కన్ను దాకా వెళ్తుంది. తిరిగొచ్చిన తరంగంలోని స్వల్ప తేడాను బట్టి గాలి రాడార్ వైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నదీ చెప్పొచ్చు.

వానను, మబ్బును అసలు పట్టించుకోకుండా నేలను చూడాల్సిన పనులూ ఉన్నాయి. 2012లో శ్రీహరికోట నుంచి వెళ్లిన రిశాట్-1, 2022 ఫిబ్రవరిలో వెళ్లిన ఈఓఎస్-04 ఉపగ్రహాలు మోసుకెళ్లిన రాడార్లు సీ బ్యాండ్‌వి, తరంగం ఆరు సెంటీమీటర్ల లోపు. ఇలాంటి రాడార్లు తమ తరంగాన్ని తామే పంపుకుంటాయి కాబట్టి అర్ధరాత్రి కూడా ఫొటో తీస్తాయి. నిలిచిన వరదనీరు అద్దంలా తరంగాన్ని అవతలికి తిప్పేస్తుంది, ఉపగ్రహం వైపు దాదాపు ఏమీ రాదు. అందుకే మునిగిన నేల బొమ్మలో నల్లగా పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరద పటాలు తయారుచేసేటప్పుడు వెతికేది ఆ నలుపునే.

ఖరీఫ్ వరి లెక్కకూ ఇదే కిటుకు. నాట్ల రోజుల్లో మన పొలాలపై మబ్బు విడవదు, మామూలు కెమెరాకు ఏమీ చిక్కదు. రాడార్‌కు మాత్రం నీళ్లు పెట్టిన మడి మొదట నల్లగా, పైరు ఎదిగేకొద్దీ తెల్లగా కనిపిస్తుంది. ఎందుకంటే దుబ్బులు పెరిగాక తరంగం నీటికీ కాడలకూ తగిలి రెండు దెబ్బల్లో వెనక్కొస్తుంది. నలుపు నుంచి తెలుపుకు ఆ మార్పు ఏ మడిలో ఎప్పుడు వచ్చిందో చూసి, మబ్బుల కింద ఎన్ని ఎకరాల్లో వరి ఉందో అంచనా కడతారు.