నెలల బిడ్డకు విటమిన్ ఎ, పేగుల్లోని మంచి బ్యాక్టీరియా: అపోహలు - వాస్తవాలు

పోయిన వారం దేవరకొండ వైపు నుంచి ఒక అవ్వ ఇరవై రోజుల మనవణ్ణి ఎత్తుకొని నల్లగొండలో నా దగ్గరికి వచ్చింది. చేతిలో మందుల షాపులో కొన్న విటమిన్ ఎ సిరప్ సీసా. "డాక్టరమ్మా, ఇది తాగిస్తే కండ్లు మంచిగుంటయట, కడుపుల మంచి పురుగులు పెరుగుతయట. ఎన్ని చుక్కలు పొయ్యాలె?" అనడిగింది. ఒక్క చుక్క కూడా వద్దన్నాను.

అపోహ: పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరుగుతుంది కాబట్టి విటమిన్ ఎ పుట్టగానే వేయాలి.

వాస్తవం: ఈ మాట గాలిలోంచి పుట్టలేదు. ఢాకాలో పుట్టిన రెండు రోజుల్లోపు 50 వేల యూనిట్ల విటమిన్ ఎ ఇచ్చి చూస్తే, ఆరు నుంచి పదిహేను వారాల వయసులో మగపిల్లల పేగుల్లో బిఫిడోబాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించింది. ఆడపిల్లల్లో ఆ తేడా లేదు. అయితే బ్యాక్టీరియా పెరగడం వేరు, బిడ్డ ప్రాణం నిలవడం వేరు. హర్యానాలో దాదాపు 45 వేల మంది పసికందులతో చేసిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. ఆ మోతాదు వల్ల మరణాలు తగ్గాయని గట్టిగా తేలలేదు. పైగా కొందరికి మాడు ఉబ్బి, తర్వాత దానంతటదే తగ్గింది. ఆరు నెలల్లోపు పిల్లలందరికీ వేసే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది.

అపోహ: ముర్రుపాలు పచ్చగా ఉన్నాయంటే చెడినట్టే, పిండి పారబోయాలి.

వాస్తవం: ఇది వింటే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పసుపు రంగు కెరోటిన్‌ది. తల్లిపాలలో విటమిన్ ఎ అన్నిటికంటే ఎక్కువగా ఉండేది ఆ మొదటి రోజుల్లోనే. పాలలో ఇంకో విశేషం ఉంది. బిడ్డ అరిగించుకోలేని కొన్ని చక్కెరలు అందులో ఉంటాయి. అవి బిడ్డ కోసం కాదు, పేగుల్లోని బిఫిడోబాక్టీరియా కోసం. అవ్వ అడిగిన 'మంచి పురుగుల' మేత అదే. ఆముదం చుక్కలు, వస, తేనె నాకిస్తే ఆ మేతకు అడ్డం పడ్డట్టే. తేనెతోనైతే బొట్యులిజం, అంటే ఒక బ్యాక్టీరియా విషంతో కండరాలు చచ్చుబడే జబ్బు, వచ్చే ప్రమాదం కూడా.

అపోహ: తల్లిపాలు తాగే బిడ్డ రోజుకు ఐదారుసార్లు మెత్తగా, పచ్చగా వెళ్తే అజీర్తి.

వాస్తవం: కాదు. బిడ్డ హుషారుగా ఉండి బరువు పెరుగుతుంటే మందు అక్కర్లేదు.

అపోహ: తొమ్మిదో నెల టీకాతో విటమిన్ ఎ అయిపోయింది.

వాస్తవం: అది మొదటి మోతాదే. అప్పుడు 1 మి.లీ., అంటే లక్ష యూనిట్లు. ఏడాదిన్నర టీకాలప్పుడు 2 మి.లీ., ఆ తర్వాత ఐదేళ్లదాకా ఆరు నెలలకోసారి అదే 2 మి.లీ. మొత్తం 9 మోతాదులు. మన దగ్గర తప్పిపోయేవి చివరివే, ఎందుకంటే టీకా లేనప్పుడు ఎవరూ రారు. కార్డు తీసి లెక్క చూసుకోండి.

అవ్వ కోడలికి అంగన్‌వాడీ భోజనం, గుడ్డు మానొద్దని, మునగాకు, తోటకూర, బొప్పాయి తినమని చెప్పాను. సీసా సంగతి అవ్వ మళ్లీ అడిగింది. తొమ్మిది నెలలు నిండినా ఇంట్లో పొయ్యొద్దు అవ్వా, కొలత చెంచాతో ఏఎన్ఎం వేస్తుంది అన్నాను.