పాత జపాన్ క్వార్ట్జ్ డైవర్ వాచీల్లో ‘ఒరిజినల్’ ఎందుకింత అరుదు?

1970లు, 80లలో జపాన్‌లో తయారైన క్వార్ట్జ్ (సెల్‌తో నడిచే) డైవర్ వాచీలను సేకరించేవాళ్ల మధ్య ఎప్పుడూ నడిచే తగవు ఒకటుంది. అమ్మకానికి వచ్చిన వాచీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందా, నాలుగు వాచీల భాగాలు కలిపి నిలబెట్టిందా అని. దీని వెనక పెద్ద కథే ఉంది.

1968లో హిరోషిమా ప్రాంతంలోని కురే నగరం నుంచి ఒక వృత్తి డైవర్ సెయికో కంపెనీకి ఉత్తరం రాశాడు. 300 మీటర్లు దాటిన లోతుల్లో మీ వాచీలు పనికిరావడం లేదన్నది ఫిర్యాదు. అంత లోతున పనిచేసేవాళ్లు హీలియం కలిపిన గాలి పీలుస్తూ రోజుల తరబడి ఒత్తిడి గదుల్లో ఉంటారు. హీలియం ఎంత సన్న సందులోంచైనా వాచీలోకి దూరుతుంది. తర్వాత గదిలో ఒత్తిడి తగ్గించేటప్పుడు లోపల చిక్కిన వాయువు అద్దాన్ని బయటికి తన్నేస్తుంది. స్విస్ కంపెనీలు ఆ వాయువు పోవడానికి వాల్వ్ పెట్టాయి. సెయికో మాత్రం హీలియం అసలు లోపలికే రాకూడదనుకుంది. సెయికో ఇంజినీరు ఇకువో తొకునగా రూపకల్పనలో ఏడేళ్ల పని తర్వాత, 1975లో 600 మీటర్ల లోతు తట్టుకునే వాచీ వచ్చింది: ఒకే ముక్కగా చేసిన టైటానియం కేసు, సందులు మూసే ఎల్ ఆకారపు రబ్బరు గాస్కెట్, చుట్టూ కవచం, లోతులో డైవింగ్ సూట్ కుదించుకుపోయినా వదులవ్వని మడతల పట్టీ. చేపల డబ్బాలా ఉందని అభిమానులు దానికి ‘ట్యూనా’ అని పేరు పెట్టారు. ఒక ఫిర్యాదుకు ఇంత శ్రద్ధగా ఇచ్చిన జవాబు వాచీల చరిత్రలో నాకు మరొకటి కనిపించదు.

అది ఆటోమేటిక్, అంటే చేతి కదలికతో నడిచేది. 1978లో అదే తరహా కేసులోకి 7549 అనే క్వార్ట్జ్ మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం) వచ్చింది. 1969 డిసెంబరు 25న వచ్చిన సెయికో తొలి క్వార్ట్జ్ వాచీ ఆస్ట్రాన్ ధర 4,50,000 యెన్‌లు. తొమ్మిదేళ్లకే ఆ సాంకేతికత సముద్రం అడుగున పనిముట్టయింది. సామాన్య డైవర్లకు 150 మీటర్ల 7548 మోడల్ వచ్చింది. 1982లో ముళ్లూ డిజిటల్ అంకెలూ కలిసిన సెయికో హెచ్558, 1985లో లోతు కొలిచే సెన్సర్‌తో సిటిజన్ కంపెనీ ఆక్వాల్యాండ్ వచ్చాయి.

ఇవన్నీ పనికోసం కొన్నవి. ఉప్పునీళ్లలో తిరిగాయి, రిపేరుకెళ్లినప్పుడు డయళ్లూ ముళ్లూ మారాయి. పైగా చాలాకాలం కలెక్టర్లు క్వార్ట్జ్‌ను చిన్నచూపు చూశారు. ఆ చిన్నచూపు నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే దానివల్ల పట్టించుకోక సొరుగుల్లో పడి ఉన్న వాచీల్లో సెల్ కారి సర్క్యూట్లను తినేసింది. కీ వాచీలో పళ్లచక్రం అరిగితే నిపుణుడు కొత్తది చేయగలడు. పాత సర్క్యూట్ పోతే, కంపెనీ దగ్గర భాగం లేకపోతే, ఇంకో వాచీని విప్పాల్సిందే. కలగూర వాచీలు పుట్టేది ఇలాగే.

అందుకే కొనేముందు కొన్ని చూసుకోవాలి. సెయికో కేసు వెనక సీరియల్ నంబరులో మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, రెండోది నెల. దశాబ్దాన్ని మోడల్‌ను బట్టి తేల్చుకోవాలి. 1980 నాటి వాచీ డయల్ రాత్రంతా వెలుగుతోందంటే అనుమానించండి. అలా వెలిగే కొత్తరకం రంగును జపాన్‌కే చెందిన నెమోతో కంపెనీ తెచ్చింది 1990లలో. గాస్కెట్లు మార్చి ప్రెషర్ టెస్ట్ చేయించకుండా నీళ్లలోకి దించకండి. 7548 అయితే మూత తీసిన ఫొటో అడిగి లోపల తుప్పు ఉందో లేదో చూడొచ్చు. ఒకే ముక్క కేసున్న 600 మీటర్ల ట్యూనాకు వెనక మూతే లేదు. అద్దం వైపు నుంచే విప్పాలి, అందుకు అమ్మేవాళ్లు చాలామంది ఒప్పుకోరు.