మంచం పక్కన చేసే రక్తపరీక్షలు: అపోహలు - వాస్తవాలు

ఒక్క రక్తపు చుక్కతో, రోగి పక్కనే నిలబడి, నిమిషం తిరగకముందే ఫలితం చూడగలగడం వైద్యానికి దక్కిన గొప్ప సౌకర్యం. ప్రయోగశాల వైద్యుడిగా వార్డుల్లోని ఈ చిన్న పరికరాల బాగోగులు చూడటం నా పనిలో భాగం. గ్లూకోమీటరు, రక్తంలోని ఆక్సిజన్ వంటివాటిని కొలిచే రక్తవాయువుల యంత్రం, హిమోగ్లోబిన్ మీటరు, రక్తం గడ్డకట్టే తీరును కొలిచే ఐఎన్‌ఆర్ మీటరు అన్నీ ఇందులోకి వస్తాయి. వీటి గురించి నర్సుల దగ్గర, జూనియర్ డాక్టర్ల దగ్గర, రోగుల బంధువుల దగ్గర కొన్ని నమ్మకాలు పదేపదే వినిపిస్తుంటాయి. కొన్నింటివల్ల పెద్ద నష్టం లేదు. కొన్ని మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి.

అపోహ: గ్లూకోమీటరులో వచ్చిన అంకె, ల్యాబ్‌లో వచ్చిన అంకె ఒకటే కావాలి. తేడా ఉంటే మీటరు పాడైనట్టే.

వాస్తవం: రెండూ అచ్చంగా కలవవు. ఎంత తేడా ఉండవచ్చో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2013లో సవరించిన ఐఎస్‌ఓ 15197 ప్రకారం, ల్యాబ్ విలువ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉంటే, మీటరు ఇచ్చే నూరు ఫలితాల్లో కనీసం 95 దానికి 15 శాతం లోపు తేడాతో ఉండాలి. 100 కంటే తక్కువైతే తేడా 15 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే ల్యాబ్‌లో 200 ఉన్న రోగికి మీటరు 170 చూపినా, 230 చూపినా అది ప్రమాణానికి లోబడే ఉంది. ఆస్పత్రుల్లో వాడే మీటర్లకు అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మార్గదర్శకాలు ఇంకాస్త కఠినం: 75 నుంచి ఆపైన 12 శాతం, అంతకంటే తక్కువైతే 12 మిల్లీగ్రాములు.

ఇప్పుడు ఇదే లెక్కను 60 దగ్గర వేసి చూడండి. 15 మిల్లీగ్రాముల తేడా అంటే మీటరు 45 చూపవచ్చు, 75 కూడా చూపవచ్చు. ఒకటి అత్యవసర పరిస్థితి, ఇంకొకటి ఊరట కలిగించే అంకె. అందుకే తక్కువ విలువల దగ్గర మీటరుకంటే రోగి ఒంటికి పట్టిన చెమటకు, చేతి వణుకుకు, మాట తడబాటుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

పైగా తప్పు ప్రతిసారీ మీటరుదే కాదు. గొట్టంలోకి తీసిన రక్తంలోని కణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి. వేరుచేయకుండా గది ఉష్ణోగ్రతలో ఉంచితే గంటకు సుమారు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది. నమూనా రెండు గంటలు బల్లమీద ఉండిపోతే ల్యాబ్ అంకే తప్పుదారి పట్టిస్తుంది. భోజనం తర్వాత వేలి రక్తంలో చక్కెర సిర రక్తంలో కంటే సహజంగానే ఎక్కువ ఉంటుంది. నిజంగా పోల్చాలనుకుంటే పరగడుపున, రెండు నమూనాలూ ఒకే సమయంలో తీసి, ల్యాబ్ గొట్టాన్ని వెంటనే పంపాలి.

అపోహ: మంచి కంపెనీ మీటరు, ఆమోదం పొందిన మీటరు. ఏ రోగికైనా వాడవచ్చు.

వాస్తవం: అన్నింటికంటే నన్ను కలవరపెట్టే నమ్మకం ఇదే. ఇంట్లో, నిలకడగా ఉన్న మనిషికి సరిగ్గా పనిచేసే మీటరే ఐసీయూలోని రోగి దగ్గర తప్పటడుగు వేయవచ్చు. కారణం చాలాసార్లు రక్తంలోనే ఉంటుంది.

మొదటిది రక్తకణాల పాళ్లు. తీవ్ర రక్తహీనత ఉన్నవారిలో మీటరు చక్కెరను అసలుకంటే ఎక్కువ చూపే ప్రమాదం ఉంది. పడిపోతున్న చక్కెర మామూలుగా కనిపిస్తుంది. పుట్టిన తొలిరోజుల శిశువుల రక్తం చిక్కగా ఉంటుంది కాబట్టి అక్కడ దీనికి విరుద్ధంగా అసలుకంటే తక్కువ చూపవచ్చు. కొత్త మీటర్లు కొంతవరకు దీన్ని సరిచేసుకుంటాయి, కానీ ఒక హద్దులోపలే. ఆ హద్దు ఎంతో స్ట్రిప్పుల పెట్టెలోని కాగితంలో అచ్చువేసి ఉంటుంది. దయచేసి ఆ కాగితాన్ని పారేయకండి.

రెండోది రక్తప్రసరణ. రక్తపోటు బాగా పడిపోయి చేతులు చల్లబడిన రోగి వేలికొనలో ఉన్న రక్తం, ఒంట్లో తిరుగుతున్న రక్తానికి ప్రతినిధి కాదు. అలాంటి రోగికి ధమని నుంచో సిర నుంచో తీసిన నమూనాను రక్తవాయువుల యంత్రంలో గానీ ల్యాబ్‌లో గానీ చూడాలి.

మూడోది మందులు. సిర ద్వారా భారీ మోతాదులో విటమిన్ సి ఎక్కిస్తే చాలా మీటర్లు చక్కెరను ఎక్కువగా చూపుతాయి. గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైముతో పనిచేసే స్ట్రిప్పులకు రక్తంలోని ఆక్సిజన్‌తోనూ పేచీ ఉంది. ఆక్సిజన్ బాగా పెరిగితే చక్కెర తక్కువగా కనిపించవచ్చు. జీడీహెచ్-పీక్యూక్యూ అనే మరో ఎంజైముతో పనిచేసే స్ట్రిప్పుల కథ ఇంకా విషాదకరం. అవి మాల్టోజు అనే వేరే చక్కెరను గ్లూకోజుగా పొరబడతాయి. కడుపులోకి ద్రవం పంపి చేసే డయాలసిస్‌లో వాడే ఐకోడెక్స్‌ట్రిన్ శరీరంలో మాల్టోజుగా మారుతుంది. రక్తంలో లేని గ్లూకోజును మీటరు చూపింది, దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇచ్చారు. ఈ రకం స్ట్రిప్పులతో ముడిపడి 1997 నుంచి 2009 వరకు తనకు అందిన నివేదికల్లో 13 మరణాలు ఉన్నాయని ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరించింది. మీ రోగి ఆ డయాలసిస్ మీద ఉంటే, మీ స్ట్రిప్పులో ఏ ఎంజైము ఉందో ఈరోజే చూడండి.

అపోహ: తప్పు జరిగితే పరికరమే ఎర్రర్ చూపుతుంది. అంకె వచ్చిందంటే సరైనదే.

వాస్తవం: తనకు అందిన చుక్క ఎక్కడిదో, ఎలా వచ్చిందో మీటరుకు తెలియదు. పండు ఒలిచిన వేలిని కడగకుండా గుచ్చితే ఆ పండు చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా, వేలిని గట్టిగా పిండినా చుక్క పలచబడుతుంది. హిమోగ్లోబిన్ మీటరు దగ్గర ఇది మరీ ముఖ్యం. గ్లూకోజు డ్రిప్ ఎక్కుతున్న చేతి నుంచి, డ్రిప్‌కు పైభాగంలో రక్తం తీస్తే వచ్చేది డ్రిప్ సీసా ఫలితమే.

ఐసీయూలో ఇంకో ఉచ్చు ఉంది. ధమనిలో పెట్టిన గొట్టాన్ని శుభ్రంగా ఉంచడానికి సెలైన్‌కు బదులు పొరపాటున గ్లూకోజు ద్రావణం తగిలిస్తే, ఆ గొట్టం నుంచి తీసిన ప్రతి నమూనా చక్కెరను ఎక్కువ చూపుతుంది. దాన్ని చూసి ఇన్సులిన్ పెంచుతూ పోతే రోగి కోలుకోలేని స్థితికి చేరవచ్చు. అనుకోకుండా చక్కెర పెరిగిందని అనిపించినప్పుడు, మోతాదు మార్చే ముందు ఒకసారి తలెత్తి ఆ సంచీ మీద పేరు చదవండి.

అపోహ: రక్తవాయువుల యంత్రంలో పొటాషియం వచ్చేసింది, ఇక ల్యాబ్‌కు పంపనక్కర్లేదు.

వాస్తవం: ల్యాబ్‌లో రక్తాన్ని వేరుచేశాక పైనున్న ద్రవం ఎర్రబడితే కణాలు పగిలాయని కంటికే తెలుస్తుంది. మంచం పక్కన మొత్తం రక్తంతోనే పరీక్ష చేస్తారు కాబట్టి, చాలా యంత్రాల్లో ఆ ఎరుపు ఎవరికీ కనిపించదు. పగిలిన కణాల నుంచి బయటపడిన పొటాషియం విలువను పెంచేస్తుంది. ఇంతకంటే ప్రమాదం ఏమిటంటే, నిజంగా తగ్గిన పొటాషియం మామూలుగా కనిపించడం. రోగి పరిస్థితికీ, ఈసీజీకీ అతకని అంకె వస్తే కొత్త నమూనా తీయండి. సిరంజిలో గాలిబుడగ ఉంటే ఆక్సిజన్ విలువ, రక్తం గడ్డకట్టకుండా అందులో వేసే ద్రవరూప హెపారిన్ ఎక్కువైతే దాదాపు అన్ని విలువలూ మారిపోతాయి.

అపోహ: ఐఎన్‌ఆర్ మీటరు ఉంటే చాలు.

వాస్తవం: రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవారికి మామూలు చికిత్స పరిధిలో బాగా పనికొస్తుంది. 4.5 దాటిన అంకెలను మాత్రం సిర రక్తంతో నిర్ధారించుకోవాలి. రక్తంలో గడ్డలు ఏర్పడే ముప్పును పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నవారిలో అది తప్పుగా ఎక్కువ చూపవచ్చు.

అపోహ: కంట్రోల్ ద్రావణంతో (ఎంత విలువ రావాలో ముందే తెలిసిన ద్రావణం) పరీక్షించడం స్ట్రిప్పుల దండగ.

వాస్తవం: మూత తీసి ఉంచిన డబ్బాలో స్ట్రిప్పులు తేమ పీల్చి పాడవుతాయి, చూడటానికి మాత్రం కొత్తవాటిలాగే ఉంటాయి. ఆ సంగతి బయటపెట్టగలిగేది కంట్రోల్ ఒక్కటే. డబ్బా తెరిచిన రోజే దాని మీద తేదీ రాయండి.

అపోహ: సూది మారిస్తే చాలు, మీటరునూ గుచ్చే పెన్నునూ అందరికీ వాడవచ్చు.

వాస్తవం: వాడకూడదు. వేలు గుచ్చే పెన్ను ఒక్క మనిషికే, సూది మార్చినా సరే. పెన్ను కొనకు అంటిన రక్తం కంటికి కనిపించనంత తక్కువైనా హెపటైటిస్ బి సోకడానికి సరిపోతుంది. ఆ వైరస్ పొడి ఉపరితలం మీద కనీసం ఏడు రోజులు బతకగలదు. ఒకే పెన్ను పంచుకున్న చోట్ల ఈ వ్యాధి గుంపులుగా వ్యాపించిన ఉదంతాలు ఉన్నాయి కాబట్టే 2010లో అమెరికా ఆరోగ్య సంస్థలు దీనిపై ప్రత్యేకంగా హెచ్చరించాయి. వార్డుల్లో ఒకసారి గుచ్చగానే తనంతట తాను లోపలికి ముడుచుకుపోయే సూదులే వాడాలి.

మీటరును పంచుకోక తప్పని చోట ప్రతి రోగి తర్వాత శుభ్రం చేసి, క్రిమిరహితం చేయాలి. మామూలు స్పిరిట్ దూది ఈ వైరస్‌కు సరిపోదు. తయారీదారు సూచించిన మందు తుడుపు వాడి, అది చెప్పినంతసేపు ఉపరితలం తడిగా ఉండనివ్వాలి. ఆ రెండు నిమిషాలు ఆగే తీరిక వార్డులో లేదంటే, సిబ్బందిని తిట్టకండి, ఇంకో మీటరు కొనివ్వండి. చేతి తొడుగులు కూడా మంచం మంచానికీ మార్చాల్సిందే.

అపోహ: ఇన్ని అనుమానాలున్నప్పుడు ల్యాబ్ ఫలితం వచ్చేదాకా చికిత్స ఆపడమే క్షేమం.

వాస్తవం: తక్కువ చక్కెర విషయంలో ఆగితే మెదడు దెబ్బతింటుంది. మీటరు 48 చూపి, రోగి మత్తుగా ఉంటే వెంటనే గ్లూకోజు ఇవ్వండి. సిర దొరికిన క్షణంలోనే ల్యాబ్‌కు కాస్త రక్తం తీయగలిగితే మంచిదే, దానికోసం గ్లూకోజు ఆలస్యం చేయవద్దు. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. అనుకోని పెద్ద అంకె వచ్చినప్పుడు మాత్రం, ఇన్సులిన్ పెంచే ముందు చేయి కడిగించి, ఆరనిచ్చి, వేరే వేలి నుంచి ఇంకో చుక్క తీయడానికి వ్యవధి ఉంటుంది.