పొగ కనబడితే కిటికీ దగ్గరికి పరుగెత్తకండి: పేలుళ్ల మీద అపోహలు, వాస్తవాలు

"మీ ల్యాబ్‌లో బాంబులు పేలుస్తారటగా?" పోయిన నెల బంధువుల పెళ్లిలో, భోజనాల దగ్గర ఎదురుగా కూర్చున్న పెద్దాయన అడిగారు.

పేల్చం బాబాయిగారూ. మాది సివిల్ ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్. మా దగ్గరున్నది షాక్ ట్యూబ్, అంటే పొడవాటి ఇనప గొట్టం. ఒక చివర గాలిని బాగా కుదిస్తాం. మధ్యలో అడ్డంగా ఉన్న పలచటి రేకు ఒక్కసారిగా పగులుతుంది. ఆ దెబ్బ రెండో చివర బిగించిన గోడ ముక్కకో అద్దానికో తగులుతుంది. మిగతా పనంతా కంప్యూటర్ మీదే. నిజమైన పేలుడు పదార్థంతో చేసే పరీక్షలు అనుమతి ఉన్న చోట, చిన్న మోతాదులో జరుగుతాయి. చిన్నదాన్ని చూసి పెద్దదాని సంగతి లెక్కగట్టొచ్చని హాప్కిన్సన్ అనే బ్రిటిష్ ఇంజినీరు 1915లోనే చెప్పాడు. పదార్థం ఎనిమిది రెట్లు పెరిగితే అదే ఒత్తిడి రెండు రెట్ల దూరం వరకే వెళ్తుంది. ఎనిమిది రెట్లు కాదు. ఇది గుర్తుంటే వాట్సాప్‌లో తిరిగే భయాల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

పెద్దాయన అంతా విని, "అయితే దూరంగా ఉన్నవాళ్లకు ఏమీ కాదన్నమాట" అన్నారు. ఈ మాట కోసమే ఈ పోస్టు రాస్తున్నాను.

అపోహ: దూరంగానే ఉన్నాం కదా, కిటికీలోంచి చూస్తే ఏమవుతుంది?

ఎక్కడైనా ఫ్యాక్టరీలో మంటలని వార్త వస్తే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాం, ఫర్వాలేదు కదా సార్?" అని ఒకతను అడిగాడు. వెనక ఎవరో "జూమ్ చెయ్, జూమ్ చెయ్" అంటున్నారు. అంటే ఇల్లంతా బాల్కనీలోనే ఉందన్నమాట. లోపలికి వెళ్లమని నేను అరిచిన అరుపుకి మా పక్క క్యాబిన్ ఆయన తొంగి చూశాడు.

కెనడాలోని హాలిఫాక్స్ రేవులో 1917 డిసెంబర్ 6 ఉదయం పేలుడు పదార్థాలు నింపుకున్న ఓడ ఒకటి మరో ఓడను గుద్దుకుని తగలబడింది. ఊరంతా కిటికీల దగ్గర చేరి చూసింది. దాదాపు ఇరవై నిమిషాల తర్వాత ఓడ పేలింది. దాదాపు 2,000 మంది చనిపోయారు. గాజు పెంకులు గుచ్చుకుని కళ్లు దెబ్బతిన్నవాళ్లు వందల్లో ఉన్నారు. నూరేళ్లు దాటాక, 2020 ఆగస్టు 4న లెబనాన్ రాజధాని బీరూట్‌లో మళ్లీ అదే జరిగింది. ముందు పొగ, చిన్న పేలుడు, అర నిమిషం తర్వాత అసలు పేలుడు. పొగ చూడటానికి వచ్చినవాళ్లు అప్పటికి అద్దాల వెనకే ఉన్నారు.

ఆ పేలుడు ఎంత పెద్దదో షెఫీల్డ్ యూనివర్సిటీ పరిశోధకులు సోషల్ మీడియా వీడియోల నుంచే లెక్కగట్టారు. వెలుగు కనబడ్డాక ఎన్ని సెకన్లకు దెబ్బ తగిలిందో వీడియోలో చూడటం, కెమెరా ఎంత దూరంలో ఉందో మ్యాప్‌లో కొలవటం, అంతే. టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం లెక్కలో చెప్పాలంటే సుమారు 500 టన్నులు, గరిష్ఠంగా 1,120 అని తేలింది. పద్ధతి చాలా బాగుంది, నా విద్యార్థులకూ చెబుతాను. చెప్పిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. మా శాస్త్రానికి ఇంత మంచి డేటా దొరికింది మనుషులు నిలబడకూడని చోట నిలబడ్డారు కాబట్టే.

లెక్క పెద్దదేం కాదు. వెలుగు వెంటనే వస్తుంది. దెబ్బ కాస్త దూరం పోయాక ఇంచుమించు శబ్దం వేగంతోనే వస్తుంది. కిలోమీటరుకు మూడు సెకన్లు అనుకోండి. రెండు కిలోమీటర్ల దూరంలో మెరుపు చూస్తే మీ చేతిలో ఆరు సెకన్లు ఉన్నట్టు. ఆ ఆరు సెకన్లలో మనం ఏం చేస్తాం? "ఏంటది?" అని అద్దానికి ముక్కు ఆనిస్తాం.

ఒత్తిడి సంగతి కూడా చూడండి. కర్ణభేరి చిరగడానికి దాదాపు 35 కిలోపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) కావాలి. మామూలు కిటికీ అద్దం పగలడానికి అందులో పదో వంతు చాలు. అందుకే పిల్లర్లకు గీత పడని దూరంలో కూడా కిటికీలు పోతాయి. పిల్లర్లలోని ఉక్కు వంగుతుంది, వంగుతూ దెబ్బను మింగుతుంది. అద్దానికి ఆ గుణం లేదు. "మాది టఫెన్డ్ గ్లాస్ సార్" అంటారు. అది గింజల్లా రాలుతుంది, నిజమే, మామూలు రోజుల్లో. పేలుడు వేగంతో ముఖానికి తగిలే గింజలు కూడా తక్కువవేం కాదు. ముక్కల్ని పట్టి ఉంచేది మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గ్లాస్. దాని ఫ్రేము కూడా గోడకు గట్టిగా బిగించి ఉండాలి. లేకపోతే అద్దం ఫ్రేముతో సహా లోపలికి వస్తుంది.

రష్యాలోని చెల్యాబిన్‌స్క్‌లో 2013 ఫిబ్రవరి 15న ఉల్క పేలింది. మెరుపుకీ దెబ్బకీ మధ్య రెండు నిమిషాలకు పైగా వ్యవధి ఉంది. దాదాపు 1,500 మంది గాయపడ్డారు, ఎక్కువగా గాజుతోనే. ఒక బడిలో నాలుగో తరగతి టీచరమ్మ మాత్రం మెరుపు చూడగానే పిల్లల్ని బల్లల కిందికి దూర్చింది. 44 మంది పిల్లల్లో ఒక్కరికీ గీత పడలేదు. నిలబడి ఉన్న ఆమెకు చెయ్యి తెగింది. ఆమె ఇంజినీరు కాదు.

మా అమ్మా ఇంజినీరు కాదు. 1997 సెప్టెంబర్ 14, ఆదివారం పొద్దున్నే విశాఖ రిఫైనరీలో ఎల్పీజీ పేలినప్పుడు నేను స్కూలు పిల్లాణ్ణి. ఆ ప్రమాదంలో దాదాపు 60 మంది పోయారు. వీధిలో అందరూ మేడలెక్కి నల్లటి పొగ చూస్తున్నారు, నేనూ ఎక్కాను. అమ్మ వచ్చి వీపు మీద ఒక్కటిచ్చి కిందికి లాక్కెళ్లి, కిటికీల్లేని సామాన్ల గదిలో కూర్చోబెట్టింది. ఆ రోజు ఎంత ఏడ్చానో. ఇప్పుడు మీటింగుల్లో నేను చెప్పే సలహా కూడా అచ్చం అదే. కిటికీ లేని గది. అది లేకపోతే అద్దం వైపు ముఖం పెట్టకుండా నేల మీద బోర్లా పడుకోవటం, ముఖం చేతుల్లో దాచుకోవటం. టైముంటే మందపాటి కర్టెన్లు వెయ్యండి. వీడియో వద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

బీరూట్‌ది అణుబాంబు అన్నారు. పుట్టగొడుగు మబ్బు ఏ వేడి పొగకైనా వస్తుంది. ఆ తెల్లటి బుడగ సముద్రపు గాలిలోని తేమ క్షణకాలం పొగమంచులా మారటమే. హిరోషిమా బాంబు శక్తి దానికి దాదాపు ముప్పై రెట్లు. అదే నెలలో చెన్నై దగ్గర మణలి నుంచి, బీరూట్‌లో పేలిన పదార్థమే అయిన అమ్మోనియం నైట్రేట్‌ను దాదాపు 700 టన్నులు కంటైనర్లలో హైదరాబాద్ తరలిస్తున్నారని వార్త వచ్చింది. హైవే పక్కనుండే మా పిన్ని మూడు రాత్రులు నిద్రపోలేదు. ఆవిడ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ పదార్థం లారీ కుదుపులకు పేలిపోదు. తగలబడే సామాను పక్కనే గుట్టలుగా పోసి, ఏళ్ల తరబడి గోడౌన్‌లో వదిలేయడం అసలు ప్రమాదం. కదిలించడమే మేలు పిన్నీ అంటే అప్పటికి పడుకుంది.

"సిలిండర్ పేలింది" అన్న వార్తల్లో చాలావాటిలో పేలింది సిలిండర్ కాదు, గది. ఒకచోట ప్రమాదం తర్వాత చూడటానికి వెళితే వంటింటి గోడ వీధిలో పడి ఉంది, సిలిండర్ మాత్రం మూల నిలబడే ఉంది. లీకైన గ్యాస్ గాలిలో రెండు శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. అది గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి పైన వెంటిలేటర్ ఉంది కదా అని ఊరుకోకండి, తలుపు తెరవండి. స్విచ్ ముట్టుకోకండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ది అసలే వద్దు.

"పిల్లర్ల బిల్డింగ్, కూలదు" అనే ధీమా ఇంకొకటి. 1995లో ఓక్లహోమా సిటీలో ట్రక్కు బాంబు దెబ్బకు తొమ్మిదంతస్తుల ఆఫీసు ముందు వైపు పిల్లర్లు కొన్ని విరిగాయి. కింద ఖాళీ కోసం పై పిల్లర్లలో సగాన్ని నేల దాకా దించకుండా ఒక పెద్ద బీమ్ మీద నిలబెట్టారు. ఆ బీమ్ పోయింది, దాని మీది అంతస్తులన్నీ పోయాయి. చనిపోయిన 168 మందిలో ఎక్కువమందిని కూలిన స్లాబులే చంపాయి. పార్కింగ్ కోసం పిల్లర్ లేపేద్దాం అనే బిల్డర్లకు ఆ కూలిన ఆఫీసు ఫోటో చూపిస్తుంటాను. చూసి, టీ తాగి వెళ్తారు.

క్వారీ బ్లాస్టింగ్‌తో ఇంటికి పగుళ్లొచ్చాయనే ఫిర్యాదులు వేరే సంగతి. మనిషికి అదురు తెలిసే స్థాయి గోడ పగిలే స్థాయికన్నా చాలా తక్కువ. అలాగని ఊరివాళ్లను కొట్టిపారేయకూడదు. క్వారీ మొదలవక ముందే గోడలకు తేదీతో సహా ఫోటోలు తీసి పెట్టుకోండి, తర్వాత వాదనకు పనికొస్తాయి.

చెప్పటం మర్చిపోయాను, చెప్పులు. మన ఇళ్లలో అవి గుమ్మం బయట ఉంటాయి, పేలుడు అయిపోగానే అందరూ గాజు పరుచుకున్న గదిలోంచి ఉత్తి కాళ్లతో బయటికి పరుగెడతారు. పెద్దాయనకు పెళ్లిలో ఇదీ చెప్పాను. "మరి పేలుళ్ల కోసం మంచం కింద చెప్పులు పెట్టుకుంటే మా ఆవిడ ఊరుకుంటుందా?" అన్నారు. ఒక జత లోపల వాడే చెప్పులు కొనివ్వండి బాబాయిగారూ, చలికాలం కూడా పనికొస్తాయి.